అయిదో గాటు

డాక్టరు గారి తలుపుకి తాళం వేసి ఉంది. తాళం పక్కన ఒక అట్టముక్క వేలాడుతోంది. "వైద్యం మానేశాను. ఇన్నాళ్ళూ ఆదరించినందుకు సంతోషం. సెలవు." అంతే.

కాటా మేస్త్రి ఆ మూడు ముక్కలూ మూడుసార్లు చదివాడు. ఇంకేమైనా కనిపిస్తుందేమోనని కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చదివాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిన మనిషి. కూతురి జ్వరాలకీ, తన నడుంనొప్పికీ, తల్లి ఆఖరి రోజులకీ ఆ డాక్టరే దిక్కు. ప్రతి ఏడూ ఆయన గదిలోని బరువు కాటా విప్పి, తుడిచి, నూనె వేసి, పైసా పుచ్చుకోకుండా సరిచేసి ఇచ్చాడు. అలాంటివాడికి ఒక్క మాటైనా చెప్పకుండా, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, సెలవట సెలవు!

"చూశావా?" అన్నాడు పక్కనున్న భార్యతో. "కాకితో కబురంపినా సరిపోయేది."

"పెద్దాయన. అలసిపోయుంటారు."

"అలసిపోతే చెప్పి అలసిపోవాలి."

ఆమె నవ్వి, కోటు దగ్గరకు లాక్కుంది. ఆమె మొహంలో ఆశ్చర్యమన్నదే లేదు. మేస్త్రి ఆ పూట అది గమనించలేదు. డాక్టరు మీద కోపంలో ఉన్నవాడికి భార్య మొహం కనపడదు.

అసలు ఆ రోజు అతను వచ్చింది తన కోసం కాదు, ఆమె కోసమే. ఆమె చిక్కిపోతోందని అతని అనుమానం. వేలి ఉంగరం గిరగిరా తిరుగుతోంది, మెడ దగ్గర ఎముకలు తేలాయి. "వయసండీ," అని ఆమె కొట్టిపారేసేది. "చిక్కితే బట్టలు వదులవ్వాలా వద్దా? చూడండి, ఎలా పట్టి ఉన్నాయో." నిజమే. బట్టలు కుట్టినరోజు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. అయినా అతని మనసు ఊరుకోలేదు. బట్టలు చెప్పేది వేరు, కాటా చెప్పేది వేరు. రెండేళ్ళ కిందట ఇదే డాక్టరు దగ్గర ఆమె యాభై నాలుగు కేజీలు. మేస్త్రి పెళ్ళిరోజు మరిచిపోతాడుగానీ ఆ అంకె మరిచిపోడు.

కాటాలు బాగుచేయడం అతని పని. కిరాణా కొట్టు త్రాసు నుంచి పాత ఇనుము కొనేవాడి పెద్ద కాటా దాకా, ముల్లు ఒక పక్కకి వాలితే అతని దగ్గరికి రావలసిందే. ఇంటి ముందుగదే దుకాణం. ఒక గోడ పొడుగునా అతని బల్ల, కిటికీ దగ్గర భార్య కుట్టుమిషను. ఆమె ఊళ్ళోవాళ్ళ బట్టలు వదులు చేసేది, బిగువు చేసేది. "నా టేపుకి కొంచెం దయ ఉంటుంది, మీ కాటాకి అదీ లేదు," అని ఎగతాళి చేసేది. దుకాణంలో మనుషుల్ని తూచే నిలువు కాటా ఉంది. ఎక్కమంటే మాత్రం, "సంతలో సరుకునా నేను?" అని తోసేసేది. అత్తగారు పోయిన ఏడేళ్ళలో ఆమె దాని మీద కాలు పెట్టలేదు. అదేదో భయమనుకున్నాడు అతను.

అందుకే వేరే డాక్టరు కావాలి. ఆమె కాదనలేనివాడు, ఆమెకేమైందో తేల్చి తనకు ఉన్నదున్నట్టు చెప్పేవాడు కావాలి. ఆమెకి ఏదో అవుతోంది, అదేమిటో తనకి తెలియాలి. ఆ చలికాలమంతా మేస్త్రికి మరో ఆలోచన లేదు.

డాక్టర్ని ఎంచుకునే పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కో రకం. కొందరు చదువు చూస్తారు, కొందరు హస్తవాసి చూస్తారు, కొందరు వరండాలో ఎంతమంది కూర్చున్నారో లెక్కపెడతారు. మేస్త్రి మాత్రం జేబులో కేజీ రాయి వేసుకుని బయలుదేరాడు. తన బరువు అరవై ఎనిమిదీ నాలుగువందలని అతనికి తెలుసు. ముందు ఊరికే ఎక్కాలి, తర్వాత రాయి పట్టుకుని ఎక్కాలి. తేడా సరిగ్గా కేజీ రావాలి. "బరువే సరిగ్గా చెప్పలేనివాడు జబ్బేం చెప్తాడు?" ఇదీ అతని సిద్ధాంతం. భార్య వింటే నవ్వుతుందని ఆమెకి చెప్పలేదు. ఆమెకి తెలియకుండా ఉంటుందా?

మొదటి డాక్టరు గది అంతా అద్దాలే. అంకెలు వెలిగే కాటా. రాయి పట్టుకుని ఎక్కితే కేజీ మూడు వందల తేడా చూపించింది. "మీ కాటా మూడు వందలు కలిపి చెప్తోంది," అన్నాడు మేస్త్రి. డాక్టరు కాటా వంక కాకుండా మేస్త్రి వంకే అనుమానంగా చూసి, నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగాడు. రెండో డాక్టరు కాటాని మెత్తటి తివాచీ మీద పెట్టాడు. తివాచీ మీద కాటా! మేస్త్రి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. మూడో ఆయనకి కాటాయే లేదు, "మీ బరువెంత?" అని పేషెంటునే అడిగి రాసుకుంటున్నాడు. పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టుంది ఈ వ్యవహారమని మేస్త్రి ఇంటికొచ్చి తిట్టుకున్నాడు.

"పోనీలెండి, ఎవరో ఒకరు," అంది భార్య, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఎవరో ఒకరేమిటి? నీ ఒళ్ళది!"

ఆదివారం కూతురు వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది, లైబ్రరీలో ఉద్యోగం. తండ్రి గోడంతా విని, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు అంది. "నాన్నా, పోస్టాఫీసు వెనక సందులో, సైకిలు షాపు మేడమీద ఒక డాక్టరమ్మ ఉందిట. చిన్నావిడే. పాతకాలం దండె కాటా వాడుతుందని ఎవరో అన్నారు."

"దండె కాటానా? జారుడు గుండుదా?"

"ఏమో, నాకేం తెలుసు? వెళ్ళి చూడు."

మర్నాడే మేస్త్రి మెట్లెక్కాడు. కింద సైకిలు షాపులో చక్రాలని సుత్తితో బాదుతున్న మోత. పైన చిన్న గది, బల్ల, రెండు కుర్చీలు, లోపలికి ఒక తలుపు. కిటికీ పక్కన నిలబడి ఉంది కాటా. అడ్డంగా ఇనుప దండె. దాని మీద పెద్ద గుండు, పది కేజీలకొక గాటు. ఆ పైన చిన్న గుండు, మిగతా కేజీలకీ గ్రాములకీ. పెద్ద గుండుని జరిపితే ఒక్కో గాటులో 'టక్' మని పడుతుంది. మేస్త్రి ఎక్కాడు. ఆరు టక్కులు, పైన ఎనిమిదీ నాలుగువందలు. దిగి, రాయి పట్టుకుని మళ్ళీ ఎక్కాడు. చిన్న గుండు సరిగ్గా ఒక్క కేజీ జరిగింది. వెంట్రుకవాసి తేడా లేదు.

డాక్టరమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. "పరీక్ష పాసయ్యానా?"

"మీ సంగతి తెలీదు. మీ కాటా పాసైంది," అన్నాడు మేస్త్రి. ఆవిడ పగలబడి నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత అతనికీ నవ్వొచ్చింది. అరవై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు, మనిషిని వెతికి పట్టుకున్నానని పొంగిపోయాడు పాపం.

ఆ వారమే భార్యని తీసుకెళ్ళాడు. "ఈవిడేనండీ మా ఆవిడ," అని పరిచయం చేశాడు. డాక్టరమ్మ ఆమెకి నమస్కారం పెట్టింది. ఆమె డాక్టరమ్మకి పెట్టింది.

"కోటు విప్పి ఎక్కు," అన్నాడు మేస్త్రి.

"చలండీ."

"ఉండనివ్వండి, కోటు బరువు తీసేద్దాం," అంది డాక్టరమ్మ.

"ఎనిమిది వందల ఇరవై గ్రాములు," అన్నాడు మేస్త్రి వెంటనే. "నేనే తూచాను."

టక్, టక్, టక్, టక్, టక్. అయిదు గాట్లు. అయిదో గాటు చప్పుడు వినగానే మేస్త్రి పట్టుకున్న ఊపిరి వదిలాడు. కోటు తీసేస్తే, యాభై నాలుగు. రెండేళ్ళ కిందట ఎంతో ఇప్పుడూ అంతే. తర్వాత ఆడవాళ్ళిద్దరూ లోపలి గదిలోకి వెళ్ళి చాలాసేపు ఉన్నారు. బయటికొచ్చి డాక్టరమ్మ, "బలానికి మందులు రాశాను. నెలకోసారి వస్తూ ఉండండి," అంది. మేస్త్రి దారంతా ఈల వేసుకుంటూ నడిచాడు. ఆ రాత్రి నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

నెల తిరిగాక మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ అయిదు గాట్లు, మళ్ళీ యాభై నాలుగు. ఇంటికి రాగానే ఆమె, "మీరు బూట్లు విప్పుకోండి, దుకాణం తలుపులు నేను తీస్తాను," అని గబగబా ముందుగదిలోకి వెళ్ళింది. అతను బూట్లు విప్పేసరికి మాంసం కొట్టతను తన కాటా చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మర్నాడు తనిఖీ ఉందట, ఇప్పుడే సరిచూసి ఇమ్మని కాళ్ళావేళ్ళా పడుతున్నాడు.

తనిఖీ అంటే నాన్న పెట్టె తీయాలి. మేస్త్రి తండ్రి వదిలివెళ్ళిన ఇత్తడి రాళ్ళ పెట్టె అది. లోపల మఖమలు గుంటల్లో చిన్నా పెద్దా వరసగా కూర్చుని ఉంటాయి. ఊళ్ళో ఏ రాయి నిజమో ఏది అబద్ధమో తేల్చేవి అవే. చేత్తో ముట్టుకోకూడదు, చెమట అంటితే బరువు మారుతుంది. ఫ్లానెల్ గుడ్డతోనే పట్టుకోవాలి. పెట్టె ఎప్పుడూ బల్లకింద, చల్లటి గచ్చు మీద ఉంటుంది.

అతను గుడ్డతో రెండు కేజీల రాయి తీశాడు. గుడ్డలోంచి వెచ్చదనం తగిలింది.

ఇదేమిటని గుడ్డ పక్కన పెట్టేసి, పుట్టి బుద్ధెరిగాక చేయని పని చేశాడు. వట్టి చేత్తో ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. పక్కనున్న కేజీ రాయి ముట్టుకున్నాడు. అదీ వెచ్చగానే ఉంది. అయిదు కేజీలది మంచుగడ్డ. అర కేజీది మంచుగడ్డ. తను ఇప్పుడు పెట్టినవి తప్ప వేలిముద్ర ఒక్కటి కూడా లేదు ఏ రాయి మీదా. తీసినవాళ్ళకి నియమం తెలుసు, గుడ్డతోనే తీశారు, గుడ్డలోనే చుట్టి ఒంటికి కట్టుకున్నారు.

కిటికీ దగ్గర కుట్టుమిషను అప్పుడే మొదలైంది.

మాంసం కొట్టతనికి ఆ పూట ఏం చేసి ఇచ్చాడో మేస్త్రికే తెలియదు. అతని తలలో ఒక్కటే లెక్క. రెండూ ఒకటీ మూడు. యాభై నాలుగులోంచి మూడు తీస్తే యాభై ఒకటి. లేచి పడకగదిలోకి వెళ్ళి, బీరువాలోంచి ఆమె గౌను ఒకటి తీసి తిరగేశాడు. పక్కల కుట్టు పక్కన పాత కుట్టు తీసేసిన సూది బెజ్జాలు ఒక వరస. దాని పక్కన ఇంకో వరస. ఇంకోటి తిరగేశాడు. అందులోనూ అంతే. ఒళ్ళు తగ్గినప్పుడల్లా ఆమె బట్టలూ తగ్గించుకుంటూ వచ్చింది. ఊళ్ళోవాళ్ళందరికీ చేసినట్టే, నీటుగా, పైకి తెలియకుండా.

కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి? లోకమంతా తప్పు తూచినా ఆ పెట్టె తప్పు తూచదని అతను బతికాడు. ఆ పెట్టెలో రాళ్ళతోనే ఇంట్లో మనిషి అతన్ని మోసం చేసింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది.

భార్యని ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే ఒక్కడూ సైకిలు షాపు మెట్లెక్కాడు.

"మీకు తెలుసా?" అన్నాడు కూర్చోకుండానే. "మా ఆవిడ కోటు కింద మూడు కేజీల ఇత్తడి ఉందని మీకు తెలుసా, తెలీదా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "కూర్చోండి."

"తెలుసా?"

"తెలుసు."

అతను నిజంగానే కూర్చున్నాడు. కింద సుత్తి దెబ్బలు ఆగకుండా వినిపిస్తున్నాయి.

"లోపలి గదిలో ఇంకో కాటా ఉందండీ. అసలు బరువు అక్కడ చూసుకుంటాను, మందులు ఆ లెక్కనే ఇస్తున్నాను. ఆ విషయంలో భయపడకండి."

"మరి బయట ఎవరికి చూపించారు?"

ఆవిడ కింద పెట్టిన కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"నాకు చూపించారు," అన్నాడు మేస్త్రి. "నా ఎదురుగా నిలబడి గుండు జరిపారు. యాభై నాలుగని నోటితో చెప్పారు. మీ కాటాని చూసి నమ్మానమ్మా నేను మిమ్మల్ని!"

"కాటా అబద్ధం చెప్పలేదండీ. దానిమీద ఎంత పెడితే అంతే చూపించింది." అన్నాక ఆవిడకే ఆ మాట బాగోలేదనిపించినట్టుంది, తల దించుకుంది. "ఆవిడ బతిమాలారు. నాకు ఇష్టం లేదు. అయినా ఒప్పుకున్నాను. తప్పో ఒప్పో నాకు తెలీదు."

"ఏం జబ్బు?"

"అది ఆవిడే చెప్పాలి. ఆవిడ చెప్పమంటే చెప్తాను."

"ఫ్యామిలీ డాక్టరని బోర్డు పెట్టారుగా? నేను ఫ్యామిలీ కాదా?"

ఆవిడ బల్లమీద ఒక ఫైలు ఉంది. దానిమీద భార్య పేరు. రెండుసార్లు వచ్చిన మనిషికి రెండు కాగితాలుండాలి. అది ఇటుకంత లావు ఉంది. అంచుల్లోంచి పసుపు కాగితాలు బయటికి కనిపిస్తున్నాయి, వాటిమీద కోడిగీతల్లాంటి రాత. ఆ రాత మేస్త్రికి ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుసు. పాత డాక్టరుది.

అంటే ఇది తను వెతికి పట్టుకున్న డాక్టరు కాదు. తను రాయి జేబులో వేసుకుని ఊరంతా తిరుగుతున్నప్పుడే ఆమె ఈ మెట్లు ఎక్కి దిగుతోంది. కూతురికి ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు గుర్తురావడం, నమస్కారం పెట్టుకోవడం, చలండీ అనడం, అన్నీ ముందే కుట్టిపెట్టుకున్నవే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఒక్కరు మిగల్లేదు. మేస్త్రి లేచి వచ్చేశాడు.

ఇంట్లో భార్య మిషను దగ్గరే ఉంది. అతను రెండు కేజీల రాయి తెచ్చి ఆమె ముందు, కుడుతున్న గుడ్డ మీద పెట్టాడు. ఆమె రాయి వంక చూసి, చక్రం మీంచి చెయ్యి తీసింది.

"ఎలా తెలిసింది?"

"వెచ్చగా ఉంది."

"అయ్యో," అంది ఆమె. "ఆ ఒక్కటీ తట్టలేదు నాకు."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎనిమిది నెలలు. కడుపులో గడ్డ. పాత డాక్టరుగారు చూశారు. ఆయన మానేస్తూ నా కాగితాలు ఈవిడకి అప్పజెప్పారు, ఈవిడ ఆయన దగ్గరే పని నేర్చుకుందట. గురువారం గురువారం బట్టల బజారుకని మీతో చెప్పి పెద్దాసుపత్రికి వెళ్తున్నాం, నేనూ అమ్మాయీ. మందు ఎక్కిస్తున్నారు. ఇంకా నాలుగు నెలలు ఎక్కించాలి. అప్పుడు చూస్తామన్నారు."

ఎవరిదో కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది. మేస్త్రికి గడ్డ అన్న మాట ఒకవైపు కోస్తోంది, ఎనిమిది నెలలన్న మాట ఇంకోవైపు కోస్తోంది. ఏది ఎక్కువ కోస్తోందో తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోలేకపోయినందుకు తనమీద తనకే సిగ్గేసింది.

"అందరికీ తెలుసు. ఆ ముసలాయనకి తెలుసు, ఈ పిల్ల డాక్టరుకి తెలుసు, నా కూతురికి తెలుసు. నేనొక్కణ్ణే వెర్రివాణ్ణి. ముప్ఫై ఆరేళ్ళు కాపురం చేశాక ఇదా? ఎందుకు? నేనేం చేశానని?"

ఆమె లేచి, దుకాణం వెనకున్న సామాన్ల గది తలుపు సగం మూసింది. కిటికీ వెలుతురు తలుపు వెనకవైపు ఏటవాలుగా పడింది. రంగు కింద నుంచి బొగ్గు గీతలు లీలగా పైకి తేలాయి. అన్నీ అంకెలే. ఆ రంగు వేసింది ఆమే, అత్తగారు పోయిన నెలకి.

"చదవండి."

అతను చదవలేదు. చదవక్కర్లేదు, రాసింది తనే. నలభై మూడూ రెండు. నలభై రెండూ తొమ్మిది. నలభై ఒకటిన్నర. తల్లి మంచం పట్టిన ఏడాది రోజూ పొద్దున్నే ఎత్తుకొచ్చి నిలువు కాటా మీద నిలబెట్టి, పడకుండా భుజం ఆసరా ఇచ్చి, తూచి, రాసేవాడు. ఏ కొడుకు చేస్తాడు అంత సేవ? వీధంతా చెప్పుకున్నారు.

"అత్తయ్య లేవగానే మంచినీళ్ళు అడిగేది కాదు. 'ఈవేళ ఎంతరా?' అని అడిగేది," అంది ఆమె. "చిట్టచివరి అంకె చూడండి. ముప్ఫై తొమ్మిదీ ఆరు. ఆ రోజు పెద్ద గుండు వెనక్కి జరిపి, 'గాటు దిగిందమ్మా' అన్నారు మీరు. గట్టిగా కూడా అన్లేదు. ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ముద్ద ముట్టుకోలేదు. మీరు రాయడం చూశారు. నేను ఆవిడ మొహం చూశాను."

"నేను ప్రేమతో చేశాను."

"ఎవరు కాదన్నారు? తెలిసుంటే నాకూ ప్రేమతోనే చేసేవారు. రోజూ తూచేవారు. నేను ఎక్కనంటే పట్టుకుని ఎక్కించేవారు. నా వల్ల కాదండీ. జబ్బుతో పడతాను, మందుతో పడతాను, మీ అంకెతో పడలేను."

మేస్త్రి ఆ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె చెప్పింది అబద్ధమని ఒక్క మాట అనడానికి లేదు. అయినా కోపం చల్లారలేదు. తప్పు నీదే అని రుజువైనంత మాత్రాన మోసపోయినవాడి మంట తగ్గుతుందా? మూడు రోజులు భార్యతో మాట్లాడలేదు. కూతురు వచ్చి, "నాన్నా, అమ్మ ఒట్టు వేయించుకుంది," అని ఏడిస్తే, "నేను నీకు లైబ్రరీలో పరాయివాణ్ణి, పుస్తకం తీసుకుని వెళ్ళిపోతాను," అని మొహం తిప్పుకున్నాడు.

నాలుగో రోజు గురువారం. భార్య కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయిని రావద్దన్నాను. మీరు వస్తారా?"

అతను బూట్లు వెతుక్కున్నాడు.

"ఒక్కటే షరతు. అంకె అడక్కూడదు. నన్నే కాదు, ఎవర్నీ."

"సరే," అన్నాడు. రెండు బూట్ల తాళ్ళూ కట్టుకున్నాకే అన్నాడు.

అలా నాలుగు గురువారాలు పెద్దాసుపత్రిలో ఆమె పక్కన కూర్చున్నాడు. గొట్టంలోంచి మందు చుక్కలు పడుతుంటే లెక్కపెట్టకుండా ఉండటానికి కిటికీలోంచి బయటికి చూశాడు. అంకె అడగలేదు. లోపల మాత్రం యాభై ఒకటిని చంటిబిడ్డలా పట్టుకుని ఉన్నాడు. యాభై ఒకటి. ఇంకా అయిదో గాటులోనే ఉంది, పైన కేజీ మిగిలే ఉంది. ఎవరు మోసం చేసినా ఆ లెక్క తను సొంతంగా కట్టుకున్నది.

నెల తిరిగింది. ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఈసారి ఆమె కోటు విప్పి కుర్చీ మీద వేసింది. కింద జేబుల్లేవు, ఒంటికి కట్టిన గుడ్డ మూట లేదు. "లోపలి గదిలోకి వెళ్దామా?" అంది డాక్టరమ్మ, మేస్త్రి వంక బెరుకుగా చూస్తూ.

"వద్దు, ఇక్కడే. ఆయన అటు తిరుగుతారు." భార్య అతని వంక చూసింది. "తిరగండి."

మేస్త్రి గోడవైపు తిరిగాడు. గోడమీద చిన్నా పెద్దా అక్షరాల కంటి పరీక్ష పటం ఉంది. పై అక్షరం మీద చూపు నిలిపాడు. వెనక ఆమె కాటా ఎక్కిన చప్పుడు. అంత చిన్న చప్పుడు. దండె కదిలింది.

చూడకుండా ఉండమన్నారుగానీ, నలభై ఏళ్ళు కాటాల మధ్య బతికినవాడి చెవుల్ని ఎక్కడ పెట్టుకోమంటారు?

టక్. టక్. టక్. టక్.

అతను అయిదోదాని కోసం ఎదురుచూశాడు. పటంలో పై అక్షరం అలికేసినట్టయింది. దగ్గుదామనుకున్నాడు, దగ్గు రాలేదు. గదిలో ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. వెనక చిన్న గుండు జారుతున్న సన్నటి గీరుడు చప్పుడు. అది జారి జారి ఎక్కడో ఆగింది. దండె నిలిచింది.

అయిదోది పడలేదు.

"అయిపోయింది, ఇటు తిరగొచ్చు," అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో ఏమీ లేదు, బాగా నేర్చుకుంది. మేస్త్రి తిరిగి, కుర్చీ మీది కోటు తీసి భార్య భుజాల మీద వేశాడు. బొత్తాలు పెట్టాడు, పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే.

మెట్లు దిగుతుంటే ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. నాలుగు మెట్లు దిగాక ఆగింది.

"వినపడిందా?"

పుట్టి బుద్ధెరిగాక తప్పు తూకం చెప్పని నోరు అది. మేస్త్రి ఎదురుగా గోడవంక చూశాడు.

"ఏం వినపడుతుంది? కింద సైకిలు షాపువాడు ఒకటే మోత. చెవులు చిల్లులు పడ్డాయి."

మిగతా మెట్లు దిగి ఇద్దరూ సందులోకి వచ్చారు. సైకిలు షాపు తలుపు మూసి ఉంది, దానికి తాళం వేసి ఉంది. గుమ్మంలో పొద్దున పడిన ఉత్తరాలు ఎవరూ తీయకుండా అలాగే ఉన్నాయి. ఆమె ఆ తాళం వంక చూసింది. అతనూ చూశాడు.

"అవునండీ," అంది ఆమె, అతని మోచెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుని. "ఒకటే మోత."